సోడాబుడ్డి కళ్ళద్దాలు వెళ్ళిపోయిన కథ

మా నాయనమ్మకు కంటి ఆపరేషను జరిగింది బడిలో. పిల్లలకు సెలవిచ్చి, బల్లలన్నీ ఒక మూలకు చేర్చి, చాపలు పరిచి కంటి శిబిరాలు నడిపిన రోజులవి. శుక్లం తీసిన పిమ్మట వారం రోజులు కంటిమీద పచ్చగుడ్డ వేలాడగట్టుకొని కూర్చున్నది. ఆ తరువాత అందరికీ ఇచ్చినట్లే ఆమెకూ ఒక జత కళ్ళద్దాలు ఇచ్చారు. సోడాబుడ్డి అడుగంత మందం. వాటి వెనుక ఆమె కళ్ళు రెండింతలై కనిపిస్తుంటే మేము నవ్వుకొనేవాళ్ళం. చూపు తిరిగి వచ్చిందన్న సంతోషం ఆమెకు ఉండేది కాని, గడప ఎంత ఎత్తున ఉందో తెలియక తడబడేది. చెంబుతో నీళ్ళు గ్లాసులో పోయబోయి పక్కన పోసేది.

ఒకనాడు ఆటలో ఆ అద్దాలు నా కాలికింద పడి పగిలాయి. కొత్తవి రావడానికి నెల పట్టింది. ఆ నెల రోజులూ ఆమె అరుగుమీద కూర్చొని, వచ్చేపోయేవారిని గొంతునుబట్టి పోల్చుకొనేది, అచ్చం ఆపరేషనుకు ముందు లాగానే. నన్నెవరూ కొట్టలేదు. ఆమె ఒక్క మాటైనా అనలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో ఆ వయసువారు ఆపరేషను చేయించుకొని, కొద్దిరోజులు నల్లద్దాలు పెట్టుకొని, ఆపైన వాటినీ తీసివేసి పొలానికి వెళ్తున్నారు. సోడాబుడ్డి అద్దాలు పాత సినిమాలలోని హాస్యపాత్రల ముఖాలమీద మిగిలిపోయాయి. అవి ఎలా వెళ్ళిపోయాయన్నది తెలిసికోవలసిన చరిత్ర. అందులో ఒక యుద్ధం ఉంది, ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఉంది, ముప్ఫై యేళ్ళ నిరాదరణ ఉంది.

*

కంటిలో, నల్లగా కనిపించే పాపకు వెనుకనే, పప్పుబద్దను పోలిన పారదర్శకమైన కటకం ఒకటి పలుచని సంచిలో అమరి ఉంటుంది. వయసు పైబడినకొద్దీ అది మసకబారడమే శుక్లం. దానిని చూపుకు అడ్డు తొలగించడం మన పూర్వులకు తెలుసు. సుశ్రుత సంహితలోని ఉత్తరతంత్రం, శలాకను కంటిలోకి పొడిచి అడ్డును పక్కకు తప్పించే విధానాన్ని వర్ణించింది. అక్కడ కటకం కంటి బయటికి రాదు. చూపుదారి నుండి జరిగి కంటిలోనే ఉండిపోతుంది. కోసి బయటికి తీసే పద్ధతికి 1747లో ఫ్రాన్సులో జాక్ దవియెల్ బాట వేశాడు. ఆ తరువాత రెండు వందల యేళ్ళు వైద్యులు తీయడంలోనే నేర్పు పెంచుకొంటూ పోయారు.

తీసిన పిదప ఆ చోటు ఖాళీ. కటకం లేని కంటికి కాంతిని కేంద్రీకరించే శక్తి చాలదు. ఆ లోటు తీర్చడానికి సుమారు పది డయాప్టర్ల అద్దాన్ని కంటి బయట, ముక్కుమీద నిలపాలి. అక్కడినుండే చిక్కులన్నీ మొదలవుతాయి. కంటికి దూరంగా ఉన్న ఆ అద్దం ప్రతి వస్తువునూ నాలుగోవంతుకు పైగా పెద్దది చేసి చూపుతుంది. అందుకే గడప ఎత్తు తెలియదు. అద్దపు అంచు చుట్టూ కనబడని వలయం ఒకటి ఏర్పడుతుంది. పక్కనుండి వచ్చే మనిషి అందులో మాయమై, హఠాత్తుగా ఎదుట ప్రత్యక్షమవుతాడు. ఒక కంటికే ఆపరేషను జరిగి రెండవ కన్ను బాగుంటే రెండు కళ్ళూ చూపే బొమ్మల పరిమాణాలు వేరు. మెదడు వాటిని కలుపలేదు. ఇన్నిటికీ పైన ఆ చూపంతా ఒక గాజుముక్కకు తాకట్టు పడి ఉంటుంది. అది పగిలిన నాడు ఏమవుతుందో నేను చూచాను.

తీసినదాని స్థానంలో మరొకటి ఉంచవచ్చునన్న ఊహ పూర్వం రాకపోలేదు. 18వ శతాబ్ది చివరలో డ్రెస్డెన్ నగరంలో కాసామాటా అనే నేత్రవైద్యుడు గాజుకటకాన్ని పెట్టబోతే, అది జారి కంటి అడుగుకు చేరిందట. ఆ ఊహ అక్కడే ఆగింది. కంటిలో పరాయి పదార్థం ఇమడదన్న నమ్మకం వేళ్ళూనింది. అది ఒట్టి మూఢనమ్మకమూ కాదు. ఇనుపరజనో రాగిముక్కో కంటిలో పడి మిగిలితే క్రమంగా చూపంతా పోవడం వైద్యులు నిత్యం చూస్తున్నదే.

*

1940 ఆగస్టు 15. బ్రిటన్‌పై జర్మనీ వైమానిక దాడులు ముమ్మరంగా సాగుతున్నాయి. 601వ స్క్వాడ్రన్‌కు చెందిన గోర్డన్ క్లీవర్ అనే వైమానికుడు ఆనాడు కళ్ళకు రక్షణ అద్దాలు లేకుండా విమానం నడుపుతున్నాడు. శత్రువుల గుళ్ళకు విమానం పైకప్పు పగిలి, ఆ పెంకులు రెండు కళ్ళలోనూ దిగబడ్డాయి. చూపు లేకుండానే పారాచూట్‌తో దూకి ప్రాణాలు దక్కించుకొన్నాడు. చాలాచోట్ల ఇది స్పిట్‌ఫైర్ విమానమని వ్రాస్తారు కాని, అతను నడిపింది హరికేన్. పైకప్పు గాజుది కాదు. పెర్‌స్పెక్స్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్.

క్లీవర్‌కు ముఖంమీదా కళ్ళకూ కలిపి పదునెనిమిది వరకు శస్త్రచికిత్సలు జరిగాయి. కుడికన్ను పోయింది. ఎడమకన్ను కొంత మిగిలింది, అందులో పెంకులతో సహా. అతని కళ్ళను పరీక్షించినవారిలో హెరాల్డ్ రిడ్లీ ఒకడు. 1906లో లెస్టర్‌షైర్‌లో జన్మించి, లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలోనూ మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రిలోనూ పనిచేస్తున్న వైద్యుడు. ఆ ప్లాస్టిక్ పెంకులు యేళ్ళ తరబడి కంటిలోనే ఉన్నా వాటి చుట్టూ వాపు లేదు, ఎరుపు లేదు. కన్ను వాటిని పరాయివిగా ఎంచడం లేదు. ఈ గమనిక రిడ్లీ మనసులో పడి ఉంది.

దానిని కదిపింది ఒక విద్యార్థి. యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు, రిడ్లీ శుక్లం తీస్తుండగా చూస్తున్న స్టీవ్ ప్యారీ అనే వైద్యవిద్యార్థి, తీసిన కటకానికి బదులు మరొకటి పెట్టకుండానే ముగించడం వింతగా ఉన్నదన్నాడు. ఏమీ తెలియనివాడి ప్రశ్న అది. అన్నీ తెలిసినవారు రెండు శతాబ్దాలుగా అడగడం మానుకొన్న ప్రశ్న.

రిడ్లీ రేనర్ అనే కళ్ళద్దాల సంస్థలోని జాన్ పైక్‌ను కలిసి తన తలపు చెప్పాడు. పెర్‌స్పెక్స్ తయారుచేసే ఐ.సి.ఐ. సంస్థ వైద్యానికి పనికివచ్చే శుద్ధమైన ప్లాస్టిక్‌ను సిద్ధంచేసి ఇచ్చింది. రిడ్లీ దీనిపై పేటెంటు తీసుకోలేదు, లాభంలో వాటా అడుగలేదు. 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో 45 ఏళ్ళ స్త్రీ ఒకరికి తొలి విడత శస్త్రచికిత్స జరిగింది. 1950 ఫిబ్రవరి 8న కృత్రిమ కటకం ఆమె కంటిలో స్థిరపడింది. అన్నీ రహస్యంగానే.

అద్దం కంటిలో నిలిచింది కాని, లెక్క తప్పింది. సహజమైన కటకాన్ని చూచి ఆ వంపులనే ప్లాస్టిక్‌కు ఇచ్చారు. ప్లాస్టిక్ కాంతిని అంతకంటే ఎక్కువగా వంచుతుంది. ఫలితంగా ఆమెకు తీవ్రమైన హ్రస్వదృష్టి ఏర్పడింది. తరువాతి కటకాలలో ఆ దోషాన్ని సవరించారు.

రెండేళ్ళు దాచిన ఈ సంగతి బయటపడటానికి కారణం ఇంటిపేరు. రిడ్లీ రోగి ఒకరు పొరపాటున అదే ఇంటిపేరు గల మరొక కంటివైద్యుని దగ్గరకు వెళ్ళారు. ఇక దాగదని గ్రహించి, 1951 జూలైలో ఆక్స్‌ఫర్డ్ నేత్రవైద్యుల సభలో రిడ్లీ తన పనిని వెల్లడించాడు. చూపు వచ్చిన రోగులను వెంట తీసుకొని వెళ్ళాడు. ఆనాటి బ్రిటిష్ నేత్రవైద్యానికి పెద్దదిక్కు అయిన సర్ స్టీవర్ట్ డ్యూక్-ఎల్డర్ వారిని పరీక్షించడానికే ఇష్టపడలేదు.

విమర్శకుల పక్షాన కూడా కొంత న్యాయముంది. రిడ్లీ కటకం ఎనిమిది మిల్లీమీటర్లు దాటిన వెడల్పుతో బరువుగా ఉండేది. కొందరి కళ్ళలో జారి అడుగుకు పడిపోయింది. శుద్ధిచేయడానికి వాడిన సెట్రిమైడ్ అవశేషాలు మిగిలి కొందరికి తీవ్రమైన వాపు కలిగింది. పైగా అప్పటి మంచి వైద్యులు కటకాన్ని సంచితో సహా తీసివేయడమే పురోగతి అనుకొంటున్నారు. రిడ్లీ సంచి వెనుకభాగాన్ని మిగిల్చి అందులో అద్దాన్ని కూర్చోబెట్టాడు. అది వెనుకటి పద్ధతికి తిరోగమనంగా వారికి తోచింది. వెయ్యి వరకు రిడ్లీ కటకాలు అమర్చిన మీదట ఆ రూపాన్ని విడిచిపెట్టవలసి వచ్చింది.

రూపం పోయింది, ఆలోచన పోలేదు. హాలెండులో బింకోర్స్ట్, ఇంగ్లండులో రిడ్లీ అనుయాయి పీటర్ చాయిస్ వంటి కొద్దిమంది కటకాన్ని కనుపాప ముందో, దాని అంచుకు తగిలించో నిలపాలని ప్రయత్నించారు. ప్రతి మార్పూ ఒక చిక్కు తీర్చి మరొక చిక్కు తెచ్చింది. 1966లో రిడ్లీ, చాయిస్ మొదలైనవారు లండన్‌లో చిన్న సంఘమొకటి స్థాపించారు. పెద్ద సభలలో వినేవారు లేనందున తమలో తాము మాట్లాడుకోవడానికి. 1971లో రిడ్లీ పదవీ విరమణ చేసేనాటికి కూడా తన పని నిలుస్తుందన్న భరోసా లేదు. ఆ తరువాతనే సూక్ష్మదర్శిని కింద శస్త్రచికిత్స, కంటి పొడవును ధ్వనితరంగాలతో కొలిచి కటకపు శక్తిని లెక్కగట్టడం సాధారణమయ్యాయి. చిత్రమేమంటే, నానా చోట్లా తిరిగి తిరిగి కటకం చివరకు రిడ్లీ మొదట ఉంచిన చోటికే, ఆ సంచిలోకే, తిరిగి చేరింది. 1981లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్.డి.ఎ. ఈ కటకాలకు తొలిసారి ఆమోదముద్ర వేసింది. 1986లో రిడ్లీకి రాయల్ సొసైటీ సభ్యత్వం, 2000లో సర్ బిరుదు వచ్చాయి. అప్పటికి ఆయనకు 93 ఏళ్ళు. మరుసటి యేడు కన్నుమూశాడు. అంతకుముందే, తాను కత్తిపట్టిన సెయింట్ థామస్ ఆసుపత్రిలోనే, ఆయన కళ్ళలోనూ కృత్రిమ కటకాలు అమర్చారు. క్లీవర్ మిగిలిన కంటికి కూడా 1987లో శుక్లం తీసి కటకం పెట్టారు. ఏ కంటినుండి ఈ ఆలోచన పుట్టిందో ఆ కంటికే అది తిరిగి చేరింది.

*

లండన్‌లో మొదలైనది మన పల్లె చేరడానికి వేరే దారి పట్టింది. ఇక్కడ సమస్య నమ్మకానిది మాత్రమే కాదు, సంఖ్యది కూడా. శుక్లాలతో చూపు కోల్పోయినవారు లక్షలలో ఉన్న దేశంలో, తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి చూపు ఇవ్వాలంటే శిబిరమే మార్గం. హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ శివారెడ్డి గారి వంటివారు ఊరూరా శిబిరాలు నడిపి చేసిన సేవ తక్కువది కాదు. ఆ శిబిరాలలో సంచితో సహా కటకాన్ని తీసి, మందపాటి అద్దాలు ఇచ్చేవారు. అప్పటికి సాధ్యమైనది అదే.

1980ల చివరికి పట్టణాలలో డబ్బున్నవారు కటకం పెట్టించుకొంటున్నారు. విదేశీ కటకం వెల వంద డాలర్ల దరిదాపులలో ఉండేది. పేదలకు సోడాబుడ్డి అద్దాలు చాలవా అన్న ప్రశ్న ఆనాడు గట్టిగానే వినిపించింది. మధురైలో డాక్టర్ వెంకటస్వామి గారు 1976లో పదకొండు పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి దీనికి రెండు విధాలుగా జవాబు చెప్పింది. కీళ్ళవాతంతో వంకరపోయిన వ్రేళ్ళతోనే శస్త్రచికిత్స సాధన చేసిన మనిషి ఆయన. సాధ్యం కాదన్న మాటకు అంత తొందరగా లొంగేవారు కారు. 1992లో ఆరోల్యాబ్ అనే లాభాపేక్ష లేని కర్మాగారం నెలకొల్పి, కటకాన్ని మధురైలోనే తయారుచేయించి వెలను పది డాలర్ల ప్రాంతానికి, ఆపైన ఇంకా కిందికి దించారు. మరొకవైపు 3,400 మంది రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒకరికి పాత పద్ధతిలో అద్దాలు, మరొకరికి కొత్త పద్ధతిలో కటకం ఇచ్చి పోల్చి చూచారు. 1998లో వెలువడిన ఫలితాలు కటకం వైపే మొగ్గాయి. చూపులోనే కాదు, రోజువారీ పనులు చేసికోవడంలోనూ.

అదే కాలంలో ప్రపంచబ్యాంకు సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాలలో శుక్లాల నివారణ పథకం నడిచింది. వైద్యులు చేతి అలవాటు మార్చుకొని, సంచిని మిగిల్చే పద్ధతిని మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. బడి ఆవరణలో ఇది కుదరదు; సూక్ష్మదర్శిని కావాలి, శుద్ధమైన గది కావాలి. అందుచేత శిబిరం రోగులను గుర్తించే చోటుగా మారింది, ఆపరేషను ఆసుపత్రికి చేరింది. ఆ మార్పులోనే సోడాబుడ్డి అద్దాలు మెల్లగా కనుమరుగయ్యాయి.

కృత్రిమ కటకం దోషరహితమని కాదు. సహజమైన కటకంలా అది దగ్గరకూ దూరానికీ తననుతాను సర్దుకోలేదు. చాలామందికి చదవడానికి చత్వారపు అద్దాలు కావాలి. మిగిల్చిన సంచి కొందరికి కొన్నేళ్ళకు మసకబారితే లేసరుతో దారి చేస్తారు. అయినా గడప ఎత్తు గడప ఎత్తుగానే కనిపిస్తుంది. పిల్లల కాలికింద పడి పగిలే వస్తువు కాదది.

రిడ్లీ తొలి కటకం అమర్చిన దశాబ్దాల తరువాత కూడా మా ఊరి బడిలో మా నాయనమ్మ కటకం తీసి, ఆ చోటును ఖాళీగా వదిలారు. అది ఆ వైద్యుల తప్పు కాదు. వారివల్లనే ఆమె మనుమల ముఖాలు చూచింది. కాని ఒక మంచి ఆలోచన పుట్టడానికీ పేదవాని ఇంటికి చేరడానికీ నడుమ ఎంతమంది ఎన్ని నెలలు అరుగులమీద కూర్చున్నారో లెక్క వ్రాసినవారు లేరు. ఆ లెక్కలో ఒక్క నెల మాత్రం నాకు తెలుసు.