మాను కుళ్లును ముందే పట్టే డీఎన్ఏ

మాను మొదట్లో పుట్టగొడుగు కనబడేసరికి లోపలి చేవ చాలావరకు కుళ్లిపోయి ఉంటుంది. పైకి ఆకు పచ్చగానే ఉంటుంది, గాలివానకు చెట్టు ఒక్కసారిగా కూలుతుంది. చెట్టు బతికి ఉండగానే ఈ శత్రువును గుర్తించాలని శాస్త్రజ్ఞులు నూట యాభై ఏళ్లుగా చేస్తున్న ప్రయత్నమే ఈ చరిత్ర.

పందొమ్మిదో శతాబ్దం నడిమి దాకా చెట్టు కుళ్లాకే బూజు పడుతుందని పండితులు కూడా నమ్మేవారు. జర్మనీ అటవీ శాస్త్రవేత్త రాబర్ట్ హార్టిగ్ దాన్ని తలకిందులు చేశాడు. కర్ర లోపలి సన్నని శిలీంధ్రపు పోగులూ, బెరడు మీది పుట్టగొడుగూ ఒకే జీవివని 1870లలో సూక్ష్మదర్శినితో నిరూపించాడు. బూజు పట్టడం వల్లే చెట్టు కుళ్లుతుందని అప్పుడు తేలింది.

మన దేశంలో శిలీంధ్ర శాస్త్రవేత్త బట్లర్ 1918లో మొక్కల శిలీంధ్ర వ్యాధులపై రాసిన గ్రంథం ఈ చదువుకు పునాది వేసింది. అటవీ వృక్షాల విషయంలో డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థకు చెందిన బి.కె. బక్షీ కృషి గొప్పది. కర్రను కుళ్లబెట్టే భారతీయ శిలీంధ్రాలపై 1971లో, అటవీ వ్యాధులపై 1976లో ఆయన పుస్తకాలు వెలువడ్డాయి. అయితే ఆనాటి పద్ధతులకు ఒక పరిమితి ఉండేది. పుట్టగొడుగు మొలిచేదాకా ఆగాలి, లేదా కర్రముక్కలోని బూజును గాజుపళ్లెంలో పెంచాలి. దానికి రోజులూ వారాలూ పట్టేవి. ఒక్కోసారి అసలు బూజు పెరగక, పక్కనున్న మరో బూజు పళ్లెమంతా కమ్మేసేది.

1983లో కేరీ ముల్లిస్ డీఎన్ఏకు నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతిని కనిపెట్టడంతో దారి మారింది. శిలీంధ్రాల డీఎన్ఏలో ఐటీఎస్ అనే భాగం జాతికీ జాతికీ తేడాగా ఉంటుంది. దాని అంచులు మాత్రం దాదాపు అన్నింటిలో ఒకే తీరు. ఆ అంచులను పట్టుకొని మధ్యభాగానికి నకళ్లు తీయించే ప్రైమర్లనే చిన్న డీఎన్ఏ ముక్కలను టామ్ వైట్ బృందం 1990లో ప్రకటించింది. 2012లో ఐటీఎస్‌నే శిలీంధ్రాల గుర్తింపు బార్‌కోడ్‌గా శాస్త్రలోకం అంగీకరించింది.

పరీక్ష ఇలా సాగుతుంది. మాను మొదట్లో సన్నని డ్రిల్లుతో రంధ్రం చేసి రజను తీస్తారు. ఒక చెట్టు బూజు మరోదానికి అంటకుండా డ్రిల్లు మొనను ప్రతిసారీ శుద్ధి చేస్తారు. రజనును నూరి, డీఎన్ఏ వేరుచేసి, ఐటీఎస్ అక్షరక్రమాన్ని చదివి, తెలిసిన శిలీంధ్రాల డీఎన్ఏ భాండారంలో ఉన్న క్రమాలతో పోలుస్తారు.

ఈ పోలిక పాత పేర్లనూ సరిదిద్దింది. లక్క పూసినట్టు ఎర్రగా మెరిసే గానోడెర్మా అనే పుట్టగొడుగు ఎక్కడ కనబడ్డా, ఇంగ్లండు నమూనాకు 1781లో పెట్టిన 'లూసిడమ్' పేరే తగిలించేవారు. అది ఒక్క జాతి కాదు, ఎన్నో జాతుల గుంపని డీఎన్ఏ తేల్చింది.

మన దగ్గర ఈ గానోడెర్మా కోనసీమ కొబ్బరి రైతుకు బాగా తెలిసిన శత్రువు. మాను మొదట్లో ఎర్రటి బంక కారేసరికి తెగులు ముదిరి ఉంటుంది. దాన్ని పీసీఆర్‌తో త్వరగా పట్టే పద్ధతిని తమిళనాడు శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించారు. కుళ్లు తెగులు కాకపోయినా, వేప ఎండుతెగులు గుర్తింపుదీ ఇదే దారి. దానికి కారణమైన ఫోమోప్సిస్ అజాడిరాక్టేను 1997లో మైసూరు పరిశోధకులు వర్ణించారు, తర్వాత వేప కొమ్మల్లో, గింజల్లో దాన్ని పీసీఆర్‌తో పట్టారు. 2021లో తెలంగాణలో వేపలు ఎండిపోయినప్పుడు ఈ శిలీంధ్రం పేరే ముందుకొచ్చింది.

రాయలసీమలోని కొండాపురం, పులివెందుల చీనీ తోటలకూ ఈ విద్య అవసరం. అక్కడ వేరు కుళ్లించేది ఫ్యుజేరియమ్ కావచ్చు, ఫైటోఫ్తోరా కావచ్చు. రెండింటిలోనూ చెట్టు వడలి ఎండుతుంది. ఫైటోఫ్తోరాకు పనిచేసే మెటలాక్సిల్ మందు ఫ్యుజేరియమ్‌ను ఏమీ చేయలేదు. పేరు తెలియకుండా మందు పోస్తే డబ్బూ పోతుంది, చెట్టూ పోతుంది.

డీఎన్ఏ దొరికినంత మాత్రాన దోషి దొరికినట్టు కాదు, హాని చేయని బూజులూ కర్రలో ఉంటాయి. అనుభవమున్న కన్నూ ప్రయోగశాలా కలిసి పనిచేయాలి. ఇప్పుడు ఈ పరీక్ష పరిశోధనాలయం గడప దాటాలి. రాయలసీమ రైతు తన చెట్టు వేరుముక్క పంపి, మందు కొనేలోపే జవాబు అందుకునే ఏర్పాటు ప్రభుత్వమూ విశ్వవిద్యాలయాలూ చేయాలి.