ప్రసార ఉపగ్రహాల కక్ష్యాస్థాన మార్పు

ప్రసార ఉపగ్రహాల కక్ష్యాస్థాన మార్పు అనగా భూస్థిర కక్ష్యలో ఒక రేఖాంశం వద్ద నిలిపి ఉంచిన టెలివిజన్ లేదా రేడియో ప్రసార ఉపగ్రహాన్ని, అవసరమైన అనుమతులు పొంది, మరొక రేఖాంశానికి తరలించడం. తరలింపు సాంకేతికంగా కొన్ని వారాల పని. దానికి కావలసిన అంగీకారాలు సమకూరడానికి మాత్రం నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది. తెలుగు ప్రజలకు సంబంధించినంతవరకు ఇటువంటి తరలింపులలో మొదటిది 1975లో జరిగింది. అమెరికా మీద ఉన్న ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఆ సంవత్సరం తూర్పునకు జరిపి, దాని ద్వారా ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు తెలుగులో టెలివిజన్ ప్రసారాలు చేశారు.

కక్ష్యాస్థానం

భూమధ్యరేఖకు పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం భూమితో సమానమైన వేగంతో పరిభ్రమిస్తుంది. కనుక నేలమీద నుండి చూసేవారికి అది ఆకాశంలో ఒకేచోట నిలిచినట్లుంటుంది. ఇంటి మీద డిష్‌ను ఒకసారి అటు తిప్పి బిగిస్తే చాలును. ఈ సౌకర్యం వలననే ఆ వలయంలో చోటు కోసం ఇంత పోటీ. వలయం ఒక్కటే, దాని చుట్టుకొలత 360 డిగ్రీలే. ఒక డిగ్రీ అంటే ఆ ఎత్తున దాదాపు 736 కిలోమీటర్లు కాబట్టి ఉపగ్రహాలు ఒకదానినొకటి ఢీకొనే ప్రమాదం స్వల్పమే. అసలు చిక్కు రేడియో తరంగాల కలగాపులగంతో వస్తుంది. ఒకే పౌనఃపున్యాన్ని వాడే రెండు ఉపగ్రహాలు దగ్గరగా ఉంటే చిన్న డిష్ ఆ రెంటినీ వేరుచేయలేదు. 60 సెంటీమీటర్ల డిష్ కేయూ బ్యాండులో ఆకాశంలో సుమారు మూడు డిగ్రీల వెడల్పు గల భాగాన్ని ఒకేసారి "చూస్తుంది".

అందుచేత ప్రతి ఉపగ్రహమూ తనకు కేటాయించిన రేఖాంశానికి ఇరువైపులా సాధారణంగా 0.1 డిగ్రీ, అంటే 74 కిలోమీటర్ల లోపలే మెలగాలి. సూర్యచంద్రుల ఆకర్షణ, భూమి ఆకారంలోని హెచ్చుతగ్గులు దానిని నిరంతరం పక్కకు లాగుతుంటాయి. ఆ లాగుడును సరిచేయడానికే ఉపగ్రహం తన ఇంధనంలో అధికభాగం ఖర్చుచేస్తుంది. ఇంధనం అయిపోతే, పరికరాలన్నీ చక్కగా పనిచేస్తున్నా, ఉపగ్రహానికి ఆయువు తీరినట్లే.

తరలించే విధం

ఉపగ్రహాన్ని తూర్పునకు జరపాలంటే దాని కక్ష్యను కొద్దిగా కిందికి దింపుతారు. కిందనున్నది వేగంగా తిరుగుతుంది గనుక భూమికంటె ముందుకు పోతుంది. పడమటికి జరపాలంటే పైకెత్తుతారు. రోజుకు ఒక డిగ్రీ చొప్పున జరగాలంటే కక్ష్యను సుమారు 78 కిలోమీటర్లు మార్చాలి. బయలుదేరడానికి, తిరిగి ఆపడానికి కలిపి సెకనుకు 5.7 మీటర్ల వేగమార్పు అవసరమవుతుంది. ఉత్తర దక్షిణ దిశలలో స్థానాన్ని కాపాడుకోవడానికి ఏడాదికి సెకనుకు 50 మీటర్ల వేగమార్పు కావాలి. దానితో పోల్చితే ఇది ఆరు వారాల ఆయుష్షుకు సమానం. తొందర లేనప్పుడు నెమ్మదిగా జరిపితే ఇంధనం ఆదా అవుతుంది. ఛానళ్ళు ఆగిపోయి ఉన్నప్పుడు ఆ పొదుపును ఎవరూ పట్టించుకోరు.

ప్రయాణంలో ఉన్నంతకాలం ప్రసార పరికరాలను ఆపివేస్తారు. నియంత్రణ సంకేతాలు మాత్రం ఆపలేరు. దారిలో తగిలే ఇతర దేశాల ఉపగ్రహాల నిర్వాహకులతో ముందుగా మాట్లాడి, ఏ రోజు ఎక్కడ ఉంటుందో తెలిపి, ఏ పౌనఃపున్యంలో ఆదేశాలు పంపాలో ఒప్పందం చేసుకుంటారు.

అంతర్జాతీయ అనుమతి

భూస్థిర కక్ష్యలోని స్థానాలు ఏ దేశానికీ సొంత ఆస్తి కావు. 1976 డిసెంబరులో కొలంబియా మొదలైన భూమధ్యరేఖా దేశాలు బొగోటా ప్రకటన ద్వారా తమ భూభాగాల పైనున్న కక్ష్యాభాగం తమదేనని వాదించాయి గాని, ఇతర దేశాలు ఆ వాదాన్ని అంగీకరించలేదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం (ఐటీయూ) రేడియో నిబంధనల ప్రకారం ముందుగా దరఖాస్తు చేసి, ఇరుగుపొరుగు ఉపగ్రహాలు గల దేశాలతో సమన్వయం కుదుర్చుకొని, చివరకు ప్రధాన పౌనఃపున్య పట్టికలో నమోదు చేయించుకున్న దేశానికి ఆ స్థానాన్ని వాడుకొనే హక్కు లభిస్తుంది. దరఖాస్తు చేసిన నాటి నుండి ఏడు సంవత్సరాలలోగా అక్కడ ఉపగ్రహాన్ని నిలిపి ప్రసారాలు ప్రారంభించకపోతే హక్కు పోతుంది.

ఇక్కడ గమనించవలసింది, ఐటీయూతో వ్యవహరించేది కంపెనీలు కావు, ప్రభుత్వాలు. ఒక సంస్థ తన ఉపగ్రహాన్ని కొత్త స్థానానికి తీసుకుపోవాలంటే ముందు తన దేశ నియంత్రణాధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి. అమెరికాలో ఆ అధికారం ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌ది. కొత్త స్థానం వేరొక దేశం పేరున నమోదై ఉంటే ఆ దేశ ప్రభుత్వ అంగీకారం కూడా కావాలి.

ఈ పద్ధతిలో ఒక లొసుగు చాలాకాలం ఉండేది. ఏడేళ్ళ గడువు ముగియబోతున్న స్థానానికి ఏదో ఒక పాత ఉపగ్రహాన్ని తెచ్చి కొద్దిరోజులు నిలిపి, "వాడుకలోకి తెచ్చాము" అని నమోదు చేయించి, ఆపై దానినే మరొక ఖాళీ స్థానానికి తరలించేవారు. ఒకే ఉపగ్రహంతో అనేక స్థానాలను పట్టి ఉంచే ఈ ఎత్తుగడ వలన నిజంగా ఉపగ్రహం ఎగురవేయగోరే కొత్త దేశాలకు చోటు దొరకడం కష్టమైంది. 2012 ప్రపంచ రేడియో సమావేశం ఉపగ్రహం కనీసం 90 రోజులు ఎడతెగకుండా అక్కడ నిలవాలని నిర్ణయించింది. 2015 సమావేశం ఆ ఉపగ్రహం అంతకుముందు మూడేళ్ళలో మరే స్థానాన్ని వాడుకలోకి తేవడానికి ఉపయోగపడిందో కూడా తెలియజేయాలని కోరింది.

భారతదేశంలో

ఐటీయూ వద్ద భారత ప్రభుత్వం తరఫున వ్యవహరించేది 1952లో ఏర్పడిన వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగం. ఇన్సాట్ ఉపగ్రహాల ట్రాన్స్‌పాండర్లను దూరదర్శన్, టెలిఫోన్లు, వాతావరణ శాఖ తదితర వాడుకరుల మధ్య పంచే పని ఇన్సాట్ సమన్వయ సంఘానిది. ఉపగ్రహాలను నిలిపి ఉంచడం, జరపడం వంటి పనులను కర్ణాటకలోని హసన్ వద్ద ఉన్న ప్రధాన నియంత్రణ కేంద్రం నిర్వహిస్తుంది. దీనికి తోడుగా భోపాల్‌లో రెండవ కేంద్రం ఉంది. ఉపగ్రహ సమాచార విధానం 1997లోను, దాని అమలు నియమాలు 2000లోను వచ్చాయి. ప్రైవేటు సంస్థలు తమ సొంత ఉపగ్రహాలు నడపడానికి వీలు కల్పించినది ఈ విధానమే. 2020లో ప్రకటించిన ఇన్-స్పేస్ సంస్థకు, 2023 భారత అంతరిక్ష విధానం ప్రకారం, ప్రభుత్వేతర సంస్థల అంతరిక్ష కార్యకలాపాలకు అనుమతినిచ్చే బాధ్యత అప్పగించారు.

ఏటీఎస్-6: తెలుగు ప్రసారాల కోసం జరిపిన ఉపగ్రహం

1969 సెప్టెంబరు 18న భారత అణుశక్తి శాఖకు, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు మధ్య ఒక ఒప్పందం కుదిరింది. భారత పక్షాన విక్రం సారాభాయి, నాసా పక్షాన థామస్ పెయిన్ సంతకాలు చేశారు. నాసా ప్రయోగించబోయే ఒక ఉపగ్రహాన్ని ఏడాదిపాటు భారతదేశానికి కనిపించే చోట నిలపాలనేది దాని సారాంశం. కార్యక్రమాలు, గ్రామాలలోని టీవీలు, భూకేంద్రాలు భారత్ బాధ్యత. సారాభాయి 1971 డిసెంబరు 30న మరణించినందున ఈ ప్రయోగాన్ని చూడలేకపోయాడు.

ఏటీఎస్-6 ఉపగ్రహం 1974 మే 30న బయలుదేరి 94 డిగ్రీల పశ్చిమ రేఖాంశం వద్ద నిలిచింది. మొదటి సంవత్సరం దానిని అలాస్కా, రాకీ పర్వతప్రాంతం, అపలేచియా కొండ ప్రాంతాలలోని మారుమూల ఊళ్ళకు వైద్యం, విద్య అందించే ప్రయోగాలకు వాడారు. ఉపగ్రహం ఒక్కటే. అది భారతదేశానికి వస్తే అక్కడివారికి ఆ సేవ నిలిచిపోతుంది. కక్ష్యాస్థాన మార్పు వ్యవహారాలన్నిటిలోను ఉండే అసలు తగవు ఇదే: ఒకచోటి వాడుకరులకు వచ్చింది మరొకచోటి వాడుకరులకు పోయినదే. 1975 మే నెలలో ఉపగ్రహం కదిలింది. 129 డిగ్రీలు తూర్పునకు ప్రయాణించి 35 డిగ్రీల తూర్పు రేఖాంశానికి చేరింది. భారతదేశానికి సరిగ్గా నెత్తిమీద కాక ఆఫ్రికా పైన నిలపడానికి కారణం, స్పెయిన్‌లోని మాడ్రిడ్ దగ్గర ఉన్న నాసా కేంద్రానికి కూడా అది కనబడాలి. నియంత్రణ అక్కడి నుండే జరిగింది. ప్రసారాలు మొదలుకాకముందే, జూలైలో జరిగిన అపోలో-సోయజ్ యాత్రకు సమాచార వారధిగా కూడా ఈ ఉపగ్రహం ఉపయోగపడింది.

ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం (సైట్) 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు నడిచింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలు ఎంపికయ్యాయి. ఉపగ్రహానికి 9 మీటర్ల గొడుగు వంటి యాంటెనా ఉన్నందున గ్రామంలో మూడు మీటర్ల తీగవల డిష్ సరిపోయింది. కోళ్ళగూటికి వాడే వలతోనే దానిని తయారుచేశారు. టీవీ సెట్లు హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ నిర్మించింది. తెలుగు కార్యక్రమాల తయారీకి హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం ఏర్పాటైంది. ఉదయం బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు, రోజుకు మొత్తం నాలుగు గంటల ప్రసారం. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ ముఖ్య విషయాలు.

ఒప్పందంలోని గడువు తీరగానే ఉపగ్రహం తిరుగుముఖం పట్టి 140 డిగ్రీల పశ్చిమ రేఖాంశానికి చేరుకుంది. దారిలో అనేక వర్ధమాన దేశాలలో ప్రదర్శన ప్రసారాలు చేశారు. పల్లెల్లోని డిష్‌లు ఖాళీ ఆకాశం వైపు మిగిలాయి. హైదరాబాదులో భూతల దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. దేశానికి సొంత ప్రసార ఉపగ్రహం స్థిరంగా దక్కినది 1983లో, ఇన్సాట్-1బితో. పరాయి ఉపగ్రహం మీద ఆధారపడితే గడువు కూడా పరాయివారి చేతిలోనే ఉంటుందన్న అనుభవం ఇన్సాట్ ప్రణాళికకు బలం చేకూర్చిందనడంలో అతిశయోక్తి లేదు.

ఇన్సాట్-2డీటీ

1997 జూన్ 4న ప్రయోగించిన ఇన్సాట్-2డి విద్యుత్ వ్యవస్థలో లోపం వలన అదే సంవత్సరం అక్టోబరు 4న పనిచేయకుండా పోయింది. కొత్త ఉపగ్రహం తయారీకి ఏళ్ళు పడుతుంది. ఇస్రో మరో మార్గం ఎంచుకుంది. అరబ్ దేశాల ఉపగ్రహ సంస్థ అరబ్‌శాట్‌కు 31 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద 1992లో ప్రయోగించిన అరబ్‌శాట్-1సి ఉంది. కక్ష్యలో తిరుగుతున్న ఆ ఉపగ్రహాన్నే 1997 నవంబరులో కొనివేశారు. దానిని 24 డిగ్రీలు తూర్పునకు జరిపి, 55 డిగ్రీల వద్ద నిలిపి, ఇన్సాట్-2డీటీ అని పేరు మార్చారు. 2004 వరకు అది సేవలందించింది.

కాగితం మీద ఇది సామాన్యమైన కొనుగోలు వలె కనిపిస్తుంది. ఒక దేశపు నమోదులో పుట్టిన యంత్రం మరొక దేశపు నమోదులోకి రావడం, నియంత్రణ హసన్‌కు మారడం, పౌనఃపున్యాలు కొత్త ఇరుగుపొరుగులకు అడ్డు రాకపోవడం అన్నీ ఒకేసారి జరగవలసిన పనులు. 55 డిగ్రీల స్థానం భారత్ చేతిలో ముందే ఉండడం వలన ఇది సాధ్యపడింది. అలా లేనివారికి డబ్బు ఉన్నా ఫలితం ఉండదు.

ఉపగ్రహానికి బదులు డిష్‌లు తిప్పడం

స్థానం మార్చలేనప్పుడు ప్రసారాన్నే మరొక ఉపగ్రహానికి మారుస్తారు. 2010 జూలై 7న ఇన్సాట్-4బి సౌరఫలకాలలో లోపం వచ్చి సగం ట్రాన్స్‌పాండర్లు ఆపివేయవలసి వచ్చింది. 93.5 డిగ్రీల వద్ద ఉన్న ఆ ఉపగ్రహాన్ని వాడుతున్న సన్ డైరెక్ట్ సంస్థ ప్రసారాలు 91.5 డిగ్రీల వద్ద ఉన్న మలేసియా ఉపగ్రహం మీశాట్-3కు మారాయి. తేడా రెండు డిగ్రీలే అయినా డిష్‌ల దిశను సవరించవలసి వచ్చింది. ఇటువంటి సందర్భాలలో ఖర్చు, శ్రమ ప్రేక్షకుల ఇళ్ళ మీదికి, కేబుల్ పనివారి నెత్తిమీదికి బదిలీ అవుతాయి. 83 డిగ్రీల స్థానంలో ఆ బాధ లేకుండా చూశారు. అక్కడ 2005 డిసెంబరులో ప్రయోగించిన ఇన్సాట్-4ఎ ద్వారా టాటా స్కై సేవలు 2006లో ప్రారంభమయ్యాయి. 2022 జూన్‌లో ప్రయోగించిన జీశాట్-24ను కూడా అదే సంస్థ ప్రసారాల కోసం (ఇప్పటి పేరు టాటా ప్లే) అదే స్థానంలో నిలిపారు.

జాలరిపేట నుండి చూస్తే

విశాఖపట్నం సముద్రతీరాన ఉన్న మత్స్యకారుల వాడ జాలరిపేట దాదాపు 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశం, 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉంది. అందుచేత 83 డిగ్రీల ఉపగ్రహం ఇక్కడివారికి సరిగ్గా దక్షిణాన, సముద్రం వైపు, క్షితిజం నుండి 69 డిగ్రీల ఎత్తున ఉంటుంది. డిష్ దాదాపు ఆకాశానికి బోర్లించినట్లు కాక వెల్లకిలా ఉంచినట్లు కనిపిస్తుంది. 74 డిగ్రీల ఉపగ్రహం దక్షిణానికి 28 డిగ్రీలు పడమరగా 67 డిగ్రీల ఎత్తున, 55 డిగ్రీలది 61 డిగ్రీలు పడమరగా 52 డిగ్రీల ఎత్తున ఉంటాయి. ఏటీఎస్-6 నిలిచిన 35 డిగ్రీల స్థానం ఇక్కడినుండి పడమటి ఆకాశంలో కేవలం 32 డిగ్రీల ఎత్తున, ఊరి ఇళ్ళ వెనుకగా ఉండేది.

కోస్తా గ్రామాలకు ఈ లెక్క వినోదానికి మాత్రమే పరిమితం కాదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించారు. దాని తరువాత, 1980వ దశకంలో, వాతావరణ శాఖ ఆంధ్ర, తమిళనాడు తీరాలలో ఇన్సాట్ ద్వారా తుపాను హెచ్చరికలందించే గ్రాహకాలను ఏర్పాటుచేసింది. ప్రమాదమున్న ప్రాంతంలోని గ్రాహకాలు మాత్రమే మేలుకొని, ముందు సైరన్ మోగించి, ఆపై స్థానిక భాషలో హెచ్చరిక వినిపించేవి. ఈ గ్రాహకాలకు కూడా స్థిరమైన డిష్ ఉంటుంది. హెచ్చరికలు మోసే ఉపగ్రహం స్థానం మారినా, ఆ సేవ వేరొక స్థానంలోని ఉపగ్రహానికి మారినా, తుపాను కాలానికి ముందే ప్రతి గ్రాహకం డిష్‌ను కొత్త దిశకు తిప్పి సరిచూడాలి. బంగాళాఖాతంలో ఆ గడువు రెండుసార్లు వస్తుంది: ఏప్రిల్, మే నెలలకు ముందు ఒకసారి, అక్టోబరు నుండి డిసెంబరు వరకు సాగే కాలానికి ముందు మరొకసారి.