పగలు కచ్చేరి, రాత్రి నాటకం
బళ్ళారి సమాజాలు మనకిచ్చిన వారసత్వం

ఉగాది దగ్గర పడేసరికి మన సంఘం కార్యవర్గంలో ఏటా ఒక చర్చ వస్తుంది. పంచాంగ శ్రవణం, సన్మానాలు అయిన తర్వాత రాత్రి కార్యక్రమంగా ఏమి పెట్టాలి? బయటినుంచి పాటకచ్చేరి బృందాన్ని పిలిపించాలా, లేక మనవాళ్ల చేతనే ఒక నాటకం ఆడించాలా? పాటకచ్చేరికి డబ్బు చెల్లిస్తే సరిపోతుంది. నాటకానికి డబ్బు తక్కువైనా రెండు నెలల ఓపిక కావాలి. అందువల్ల ఈ మధ్య చాలా చోట్ల మొదటిదే నెగ్గుతున్నది.

మేము నాటకం పక్షం వాళ్లం. వేషం కట్టాలనే సరదా మాకు లేదని అనము. ఐతే కారణం అదొక్కటే కాదు. కర్ణాటకలో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ విషయంలో గర్వించదగిన చరిత్ర ఉన్నది. పొట్టకూటికి కాక ఇష్టం కొద్దీ ఆడే నాటకానికి, అంటే ఔత్సాహిక నాటకానికి, తెలుగులో తొలి పుట్టిళ్లలో బళ్ళారి ఒకటి. ఆ సంగతి మన పిల్లలకు తెలియదు. పెద్దల్లో సైతం కొద్దిమందికే జ్ఞాపకమున్నది. కనుక ఈ సంచికలో దాన్ని నాలుగు మాటల్లో చెప్పుకొని, తర్వాత మన సంగతికి వద్దాము.

తెలుగు నాటకానికి మొదటి ఊపు కన్నడ దేశం వైపునుంచి రావడం విశేషం. ధార్వాడ నుంచి వచ్చిన నాటక సమాజం తెలుగు ఊళ్లలో ఆటలాడగా, చూసిన మనవాళ్లకు మన భాషలో ఇట్లాంటివి ఎందుకుండకూడదనే పౌరుషం కలిగింది. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థుల చేత నాటకాలాడించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారి పూనికతో కీచకవధ ఆడబడి, సురభి కుటుంబాల వారి నాటక జీవితం ఆరంభమైనది. సురభి వారికి నాటకమే వృత్తి, నాటకమే సంసారం. పంతులుగారి శిష్యులకు చదువు ముఖ్యం, నాటకం దాని వెంట వచ్చిన సంతోషం. ఈ రెండు దారులూ గొప్పవే. మనలాంటి ఉద్యోగస్తులకు దగ్గరది రెండవ దారి. ఆ దారిని రాచబాటగా చేసినవారు బళ్ళారి వకీళ్లు.

ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) అనంతపురం జిల్లా ధర్మవరంలో పుట్టి, బళ్ళారిలో న్యాయవాది వృత్తిలో స్థిరపడ్డారు. 1886లో అక్కడ సరసవినోదినీ సభను స్థాపించారు. ఆ తొలినాళ్లలోనే తమ చిత్రనళీయాన్ని ప్రదర్శించారు. సుమారు ముప్పై నాటకాలు రాశారు. రాయడమే కాదు, తామే ముఖానికి రంగు వేసుకొని బాహుకుడుగా, దశరథుడుగా నిలబడ్డారు. పద్యానికి రాగం, కథకు తగిన పాట, అంకాలు, రంగాలు అన్నీ కుదిర్చి ఒక పద్ధతి ఏర్పరచారు. కథ సుఖాంతమే కావాలన్న కట్టుబాటును కాదని విషాద సారంగధర రాశారు. లోకం వారిని ఆంధ్ర నాటక పితామహుడని గౌరవించింది.

అదే ఊళ్లో, అదే న్యాయస్థానంలో మరొక వకీలు కోలాచలం శ్రీనివాసరావుగారు (1854–1919). వారి సమాజం సుమనోరమ సభ. పురాణ కథలతో పాటు చరిత్రను రంగం మీదికి తెచ్చిన ఖ్యాతి వారిది. హంపీ శిథిలాలు బళ్ళారికి ఎంతో దూరంలో లేవు. ఆ రాళ్లను చూస్తూ పెరిగినవారు విజయనగర పతనాన్ని నాటకం చేయడంలో ఆశ్చర్యమేమున్నది? ఈ రెండు సభల మధ్య పోటీ ఉండేది. ఆ పోటీ వల్ల ఊరికి లాభమే కలిగింది. ఒక చిన్న జిల్లా కేంద్రంలో రెండు నాటక సమాజాలు, ఇద్దరు నాటకకర్తలు, వారి వెనుక కోర్టు పని ముగించుకొని సాయంత్రం ఒద్దికలకు చేరే ఉద్యోగస్తులు! పగలు కచ్చేరి, రాత్రి నాటకం అన్నట్లుగా వారి జీవితం గడిచింది.

ఇక 1891లో జరిగినదానిని మనము ప్రత్యేకంగా జ్ఞాపకం పెట్టుకోవాలి. ఆ ఏడు బళ్ళారి సభ వారు మద్రాసు వెళ్లి తెలుగు నాటకాలు ఆడారు. చూసినవారిలో పమ్మల్ సంబంధ ముదలియారు (1873–1964) అనే తమిళ యువకుడు ఉన్నాడు. అప్పటికి అతనికి నాటకాలంటే అంత గౌరవం లేదు. చదువుకొన్నవారు, వకీళ్లు, ఉద్యోగులు సిగ్గుపడకుండా వేషం కట్టి ఇంత బాగా ఆడగలరని బళ్ళారి వాళ్లను చూసిన తర్వాతనే అతనికి నమ్మకం కుదిరింది. అదే సంవత్సరం మిత్రులతో కలిసి సుగుణ విలాస సభను స్థాపించాడు. తమిళ ఔత్సాహిక నాటకరంగానికి ఆ సభ మూలస్తంభమైనది. అందులో తెలుగు నాటకాలు కూడా ఆడబడ్డాయి. ఒక సరిహద్దు ఊరి తెలుగు సమాజం పొరుగు భాష వారికి ఇంతటి ప్రేరణ ఇచ్చినదన్నమాట. ధార్వాడ నుంచి మనము తీసుకొన్నది మద్రాసులో తిరిగి ఇచ్చాము. ఒక భాష మీద ప్రేమ మరొక భాషకు అడ్డు కాదని చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం అవసరం లేదు.

ఈ వాతావరణంలో పెరిగినవారే బళ్ళారి రాఘవగారు (1880–1946). వారి అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. ధర్మవరం వారికి మేనల్లుడు. వృత్తి న్యాయవాదం, అందులోనూ పేరుపొందినవారే. వారి కాలానికి రంగం మీద రాగాలాపన ముదిరిపోయింది. ప్రేక్షకులు 'వన్స్ మోర్' అని కేకవేస్తే, చచ్చిపడిన పాత్ర సైతం లేచి పద్యం మళ్లీ పాడే రోజులవి. రాఘవగారు పాట తగ్గించి మాటకు, చూపుకు, మౌనానికి బలమిచ్చారు. రామరాజు నాటకంలో వారి పఠాను వేషాన్ని గురించి పెద్దలు కథలు కథలుగా చెప్పుకొనేవారు. తెలుగులోనే కాక కన్నడంలో, హిందీలో, ఇంగ్లీషులో కూడా నటించారు. 1927లో ఇంగ్లండు వెళ్లి అక్కడి రంగస్థలాన్ని చూసి వచ్చారు.

వారు పట్టుబట్టి చేసిన మరొక పని స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలనడం. సురభి కుటుంబాలలో ఆడవారు ఆడుతూనే ఉన్నారు. ఐతే ఔత్సాహిక సమాజాలలో మగవారే చీర కట్టేవారు. స్థానం నరసింహారావుగారి వంటి మహానటులు ఆ కళను శిఖరానికి చేర్చారు, కాదనలేము. ఐనా చదువుకొన్న కుటుంబాల స్త్రీలను గౌరవంగా రంగానికి తేవడానికి రాఘవగారు ఎన్నో మాటలు పడ్డారు. కొమ్మూరి పద్మావతీదేవిగారి వంటివారు వారితో కలిసి నటించారు. ఇవాళ మన సంఘం నాటకంలో కోడలు వేషం నిజంగా ఒక ఇంటి కోడలే వేస్తున్నదంటే, అందులో ఆ మహనీయుని శ్రమ ఉన్నది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. మనలో చాలామంది బ్రతుకుతెరువుకోసం రైలెక్కి వచ్చి ప్రవాసులమైనాము. బళ్ళారి తెలుగువారు ఉన్న ఇంట్లో ఉండగానే ప్రవాసులైనారు. ఐనా అక్కడ నాటకం ఆగలేదు. రాఘవ కళామందిరం నేటికీ ఆ పేరు నిలబెడుతున్నది. ఆ వేదిక మీద తెలుగు, కన్నడం రెండూ వినబడతాయి.

సమాజాలను దెబ్బతీసినది రాష్ట్రాల సరిహద్దు కాదు. 1920ల నుంచి కాంట్రాక్టు నాటకాలు బయలుదేరాయి. ఒక కాంట్రాక్టరు నలుగురు పేరున్న నటులను నాలుగు చోట్ల నుంచి రప్పించి, ఒద్దిక లేకుండానే ఒక రాత్రికి రంగం ఎక్కించేవాడు. జనం నాటకం కోసం కాక పద్యాల పోటీ కోసం వచ్చారు. ఊరి సమాజానికి పని లేకపోయింది. 1930ల తొలినాళ్లలో టాకీలు వచ్చాయి, నటులు అటు వెళ్లారు. 1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు పోటీలు నడిపి ఔత్సాహికులకు మళ్లీ ప్రాణం పోసింది. కిరీటాలు, కత్తులు అక్కరలేని సాంఘిక నాటకాలు, ఏకాంకికలు వచ్చాయి. ఒక బల్ల, రెండు కుర్చీలు ఉంటే చాలు. ఆత్రేయగారి 'ఎన్.జి.ఓ.' నాటకంలో గుమాస్తా కథ చూసి, ఊరూరా గుమాస్తాలే ఆ వేషం కట్టారు. మనము చూసేది, ఆడేది మన కథే కావచ్చునని అప్పుడు తెలిసింది.

ఈ మార్పువల్లనే రైల్వే కాలనీలకు నాటకం అందుబాటులోకి వచ్చింది. రైల్వే ఇనిస్టిట్యూట్ హాలులో ఒక మెట్టు ఎత్తున వేదిక, ఒక తెర ఉంటాయి. మా బృందంలో గుమాస్తాలు, గార్డులు, ఫిట్టర్లు, ఒక బడిపంతులమ్మ, ఇద్దరు గృహిణులు ఉన్నారు. పది మందిలో ఆరుగురికి షిఫ్టు డ్యూటీలు. అందరూ ఒకేసారి దొరికే ఒద్దిక నెలకు రెండు మించదు. మామ వేషగాడు బండి మీద వెళితే అల్లుడు కుర్చీతో మాట్లాడి సాధన చేస్తాడు. అందుకని మాలో ప్రతివాడూ తన మాటలతో పాటు ఇంకొకరి మాటలు కూడా నేర్చుకోవాలనే నియమం పెట్టుకొన్నాము. దాని ఫలితం మేము అనుకోనిది. ఎదుటివాడి మాటలు కంఠస్థం ఐతే ఎదుటివాడి కష్టం కూడా అర్థమౌతుంది. ఆఫీసులో పై అధికారి, కింది ఉద్యోగి ఐనవారు నాటకంలో తారుమారై, ఒకరి పాత్ర ఒకరు పలుకుతుంటే, మరునాడు ఆఫీసులో కూడా మాట మెత్తబడుతుంది.

సంతోషం అంటారా, అది ఆట రాత్రి ఒక్కటే కాదు. నిజానికి ఆట రాత్రి సంతోషం కన్న భయమే ఎక్కువ. ఒద్దికలో టీ తాగుతూ ఒక మాట విరుపు గురించి అరగంట వాదించుకోవడం సంతోషం. ఎవరింటినుంచో పాత ట్రంకుపెట్టె, ఎవరింటినుంచో పడక కుర్చీ మోసుకురావడం సంతోషం. మాట మరచిన క్షణంలో పక్కతెర వెనుకనుంచి ప్రాంప్టరు అందించిన అక్షరం పట్టుకొని గట్టెక్కడం, ముందువరుసలో తన భార్య నవ్వు గుర్తుపట్టడం, ఇవన్నీ సంతోషాలే. మేము గొప్ప నటులం కాము. చూసేవారికి ఆ సంగతి తెలుసు. ఐనా మనవాడు, మన వీథివాడు, మన భాషలో మాట్లాడుతున్నాడని వారు చప్పట్లు కొడతారు. డబ్బిచ్చి పిలిపించిన బృందానికి ఆ చప్పట్లు రావు.

అసలు మాట ఇప్పుడు చెబుతాము. మన పిల్లలు కన్నడ బడిలోనో, ఇంగ్లీషు బడిలోనో చదువుతున్నారు. అది తప్పు కాదు, బ్రతుకు అక్కడిది. ఇంట్లో తెలుగు వింటారు గాని చాలామంది చదవలేరు. పెద్దలు తెలుగులో అడిగితే కన్నడంలో బదులు చెప్పే ఇళ్లు ఎన్ని లేవు? అటువంటి పిల్లలకు మేము వారి పాత్రల మాటలను కన్నడ లిపిలో రాసి ఇస్తున్నాము. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే కనుక కొద్ది రోజుల్లో కొందరు పిల్లలు తెలుగు ప్రతినే అడిగి తీసుకొంటున్నారు. ఒక పిల్లవాడు తన మాటలు పట్టుకొని ఇంట్లో ముసలావిడ దగ్గరకు వెళ్లి, "అవ్వా, ఇది ఎట్ల పలకాల? కోపంగానా, ఏడుస్తానా?" అని అడిగాడట. అంతవరకు ఆమెతో వాడి మాటలు అన్నానికి, నీళ్లకు మించి లేవు. ఆ రెండు నెలలూ ఆమె వాడికి గురువైనది. తెలుగు నేర్చుకోరా అని ఎన్నిసార్లు చెప్పినా జరగని పని, ఒక చిన్న వేషం ఇస్తే జరిగింది.

భాష చెవులకు పరిమితమైతే రెండు తరాలు నిలుస్తుంది. నోటికి రావాలి. సినిమా, టీవీ, సెల్‌ఫోను మనకు తెలుగును చెవులదాకా తెస్తాయి. వాటిని మేము నిందించము. నోటిదాకా తెచ్చేది నాటకం. అందులోనూ తప్పు పలికితే సరిదిద్దే పదిమంది మధ్య జరిగే ఒద్దిక.

కనుక కార్యవర్గం వారికి, పాఠక మహాశయులకు మా మనవి ఇది. పాటకచ్చేరి ఉండనివ్వండి. దానితో పాటు ప్రతి ఉగాదికి నలభై నిమిషాల ఏకాంకిక ఒకటి మనవాళ్ల చేత ఆడించండి. పిల్లలకు రెండు పాత్రలు, స్త్రీలకు రెండు పాత్రలు తప్పక ఉండేటట్లు ఎంపిక చేయండి. కన్నడ మిత్రులను పిలిచి ముందువరుసలో కూర్చోబెట్టండి. ఉగాది వారికీ మనకూ ఒక్కటే పండుగ. మన ఇండ్లలో ఉన్న పాత నాటకాల పుస్తకాలు, చేతిరాత ప్రతులు, వేషాల ఫోటోలు చెదలపాలు కాకముందే సంఘం గ్రంథాలయానికి ఇవ్వండి. బళ్ళారి పెద్దలకు మైకులు లేవు, విద్యుద్దీపాలు లేవు. పగటి ఉద్యోగం, రాత్రి తీరిక, తమ భాష మీద ప్రేమ మాత్రమే ఉన్నాయి. ఆ మూడూ మనకూ ఉన్నాయి.

సంవత్సరాది శుభాకాంక్షలు. వేషం కట్టదలచినవారు పండుగ మరునాటి నుంచే పేర్లు ఇవ్వవచ్చును. మామ పాత్ర ఒకటి ఖాళీగా ఉన్నది.