సుధయు సౌధమును: మన సీమ సున్నపు గచ్చు కథ

సౌధమనగానే మనకు మేడ యను నర్థమే స్ఫురించును. శబ్దమును విడదీసి చూచిన, సుధతో పూయబడినది సౌధము. అమరకోశమున సుధాశబ్దమునకు పూత, అమృతము, జెముడు అను నర్థములు కలవు. దేవతలు త్రాగు వస్తువునకును మేస్త్రీ తాపీతో గోడకెక్కించు వస్తువునకును ఒకే పేరేల వచ్చెనా యని నేను చాలకాలము వింతపడితిని. సున్నము పుట్టువు తెలిసికొన్న పిమ్మట ఆ వింత కొంత తగ్గినది.

సున్నపురాయిని బట్టీలో ఎఱ్ఱగా కాల్చిన, 100 మణుగుల రాతికి 56 మణుగుల కాల్చిన సున్నము మిగులును. తక్కిన 44 మణుగులు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలియును. ఈ 56 మణుగులు 18 మణుగుల నీటిని త్రాగి, బుసబుస పొంగి, 74 మణుగుల విరిసిన సున్నమగును. అది గోడకెక్కి, ఆ నీటిని విడిచి, పోయిన వాయువునే గాలినుండి మరల గ్రహించి, తుదకు 100 మణుగుల రాయిగా మారును. ఇంత సరిగా కుదిరిన జమాఖర్చును నా యీ వృత్తిలో ఎన్నడును చూచి యెఱుగను. అయితే ఈ జమ యొక దినమున తేలునది కాదు. పైపొర మొదట గట్టిపడును. లోపలి భాగమునకు నెలలు, మందమైన గోడలలో ఏండ్లును పట్టును.

అందుచేతనే పూర్వులు సున్నపు పనిలో తొందర పనికిరాదనిరి. రోము నగరపు ప్లినీ, క్రీస్తు శకము మొదటి శతాబ్దమున వ్రాయుచు, మూడేండ్లు నిలువయుండని సున్నమును గుత్తేదారు వాడరాదని పాత యిండ్ల నిబంధనలలో కలదని చెప్పెను. మనవారు సున్నమును తొట్టిలో నానబెట్టి, ఇసుక కలిపి, గుండ్రని గాడిలో రాతి చక్రమును ఎద్దులచే త్రిప్పించి నూరించిరి. అదియే డంగు సున్నము. ఆ నూరుటలో కరక్కాయ నానిన నీరు, బెల్లపు నీరు చేర్చుట కలదు. ఆఱవ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఆలయములకు పూయదగిన వజ్రలేపమును వివరించుచు పచ్చి తునికికాయలు, వెలగకాయలు, బూరుగుపూలు చెప్పెను. తునికి మన అడవులలో దండిగా నున్నది గదా! ఆ లేపము కోటి యేండ్లు నిలుచునట. అది శాస్త్రకారుని ఉత్సాహమే కాని కరణపు లెక్క కాదు.

కోటి యేండ్లు కాకున్నను, మన చుట్టుపట్ల సున్నము శతాబ్దములు నిలిచినది. ఎలగందుల కోటను చూడుడు; పదునెనిమిదవ శతాబ్దమున కట్టిన జగిత్యాల నక్షత్రాకారపు కోటను చూడుడు. కొండగట్టు ఆంజనేయస్వామి యాలయమును సుమారు 160 యేండ్ల క్రిందట కృష్ణారావు దేశ్‌ముఖ్ పునరుద్ధరించెనని ప్రసిద్ధి. సిమెంటుకు ఇంగ్లండులో ఆస్పిడిన్ అనువాడు 1824లో పేటెంటు పొందినను, మన దేశమున దాని తయారీ స్థిరపడినది 1914లో పోరుబందరు కర్మాగారముతోనే. కనుక ఆనాటి పని సున్నపు పనియే యై యుండవలెను.

తరువాతి కథ మన కన్నులయెదుటిదే. మంచిర్యాలలో 1958లోను, బసంత్‌నగరులో 1969లోను సిమెంటు కర్మాగారములు వెలసినవి. బట్టీకి పోవలసిన రాయియే ఇచట మట్టితో కలిసి మఱింత వేడిలో కాలి బస్తాలలోనికెక్కినది. సిమెంటు నీటితోనే గట్టిపడును, దినములలో బరువు మోయును. కూలి పెరిగిన కాలమున, నెలలు కోరు సున్నము దాని ముందు నిలువలేకపోయినది. బట్టీలు చల్లారినవి. ఇందులో సిమెంటును తప్పుపట్టుటకేమియు లేదు. స్తంభమునకు, కప్పునకు అది కావలసినదే.

తప్పు జరిగినది పాత గోడలమీద. రాయి, మట్టి, సున్నము కలిసిన గోడ నేలలోని చెమ్మను పీల్చి, గచ్చు సన్నని రంధ్రముల ద్వారా గాలికి విడుచును. దానిపై సిమెంటు పూసిన చెమ్మ బయటికి రాలేక పైకెక్కును. దానితో వచ్చిన ఉప్పులు పొరక్రింద చేరి గోడను పిండిచేయును. గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధులపై ఇరువదవ శతాబ్దమున వేసిన సిమెంటు పొరలను, 2013లో మొదలైన పునరుద్ధరణలో ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థవారు తొలగించి సున్నపు గచ్చు వేయించిరి.

అంత దూరమేల? మన గ్రంథాలయము పాత పెంకుటింటిలో నున్నది. దాని పడమటి గోడకు సిమెంటు పూయించినది మన సంఘమే. ఆ బిల్లు వ్రాసినది ఈ చేయియే. మూడు వర్షకాలములు గడవకమునుపే చెమ్మ నిలువెత్తెక్కి, క్రింది అరలోని పురాణములకు బూజు పట్టినది. కొన్నిటి అట్టలు చేతికి ఊడివచ్చినవి. వానిని ఎండలో పరచిన దినమున నేను ఎవరి ముఖమును చూడలేకపోతిని.

రజతోత్సవమునకు ముందు ఆ పూతను ఱొమ్మెత్తువరకు గీకించి, ఎండకాలమంతయు గోడను ఆరవిడిచితిమి. తొట్టిలో నానిన సున్నము ఒక పాలు, ఇసుక రెండున్నర పాళ్లు కలిపి, పలుచని పొరలుగా వేయించి, తడి గోనెలు కప్పితిమి. కొత్త యింటి లోపలి గోడలకు ఇట్టి పూత కోరువారు ఒకటి గుర్తుంచుకొనవలెను: కాల్చిన సున్నము నీటిలో పడినప్పుడు కంటికెగసిన చూపు పోగలదు, పిల్లలను దగ్గరకు రానీయరాదు.

రెండు పొరలైనవి. మూడవది దసరా వెళ్లిన పిమ్మట. క్రింది అర నింకను ఖాళీగానే యుంచితిమి.