వల వేసే చోటు

1930 జులైలో అమెరికాలోని నార్త్ కరోలినాలో మద్యనిషేధ శాఖ ఏజెంటు ఒకరు యాత్రికుడి వేషంలో ఒక ఇంటికి వెళ్లాడు. అతనూ ఆ ఇంటి యజమానీ మొదటి ప్రపంచ యుద్ధంలో ఒకే డివిజన్‌లో పనిచేశారు. యుద్ధకాలపు ముచ్చట్ల మధ్య ఏజెంటు మద్యం అడిగాడు. యజమాని లేదన్నాడు. మళ్లీ అడిగినా అదే జవాబు. ఇంకోసారి అడిగేసరికి కాదనలేక బయటికెళ్లి అర గ్యాలను మద్యం తెచ్చాడు, 5 డాలర్లు పుచ్చుకున్నాడు, అరెస్టయ్యాడు.

సోరెల్స్ కేసుగా పేరుపడ్డ ఈ వివాదాన్ని 1932 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. నిర్దోషి మనసులో నేరాన్ని నాటి, ఆపై శిక్షించడం చట్టం ఉద్దేశం కాదని ప్రధాన న్యాయమూర్తి హ్యూజ్ రాశారు. నిందితుడికి ముందునుంచే ఆ నేరం చేసే మొగ్గు ఉందా లేదా అన్నది ఆయనకు ముఖ్యం. ఫలితంతో ఏకీభవిస్తూనే జస్టిస్ రాబర్ట్స్ వేరే దారి పట్టారు. నిందితుడి స్వభావంతో పని లేదు, చూడాల్సింది పోలీసుల నడవడిక అన్నారు. ప్రభుత్వమే పురికొల్పిన నేరాన్ని విచారించడం న్యాయస్థానానికే మచ్చ అని ఆయన వాదం. అమెరికా హ్యూజ్ దారిలో నడిచింది. రాబర్ట్స్ ఆలోచన మాత్రం సరిహద్దు దాటి కెనడాలో వేళ్లూనుకుంది.

కెనడా సుప్రీంకోర్టు 1988లో మ్యాక్ కేసులో రెండు గీతలు గీసింది. మాదకద్రవ్యాలు మానేశానని చెప్పుకున్న ఒక వ్యక్తిని పోలీసు ఇన్‌ఫార్మర్ నెలల తరబడి వేధించి, తుపాకీ చూపించి మరీ బేరంలోకి లాగాడు. అవకాశం ఇవ్వడం వేరు, ఉసిగొల్పడం వేరు అని కోర్టు చెప్పింది. ఇక్కడ జరిగింది రెండోది కనుక కేసును నిలిపివేసింది. అవకాశం ఇవ్వడానికి కూడా ముందుగా సహేతుకమైన అనుమానమో, నిజాయితీగా సాగుతున్న దర్యాప్తో ఉండాలంది. ఊరికే జనాన్ని పరీక్షించి చూసే అధికారం పోలీసులకు లేదన్నది దీని సారం.

మరి అనుమానం మనిషి మీద కాకుండా చోటు మీద ఉంటే? 1991లో బార్న్స్ కేసు ఈ ప్రశ్నను ముందుకు తెచ్చింది. వాంకూవర్‌లోని గ్రాన్‌విల్ మాల్ ప్రాంతం మాదకద్రవ్యాల అమ్మకాలకు పేరుమోసింది. ఆ ఆరు వీధుల మేర తిరిగే ఎవరినైనా అడిగి చూడొచ్చని కోర్టు ఒప్పుకుంది. వీధికి హద్దులుంటాయి కాబట్టి వల ఎంతమేర పడిందో లెక్క తెలుస్తుందన్న ధీమా అందులో ఉంది.

ఫోన్, ఇంటర్నెట్ ఆ ధీమాను కదిలించాయి. 2020లో అహ్మద్ కేసులో ఒక ఫోన్ నంబరు కూడా ‘చోటే’ అవుతుందని కోర్టు గుర్తించింది. ఆకాశరామన్న సమాచారం చాలదు, బేరం మొదలుపెట్టేలోపే అనుమానానికి ఆధారం చేతిలో ఉండాలంది. ఫోన్ సంభాషణలో ఏ మాట ముందు, ఏ మాట తర్వాత అన్నదాని మీదే అక్కడ తీర్పు ఆధారపడింది.

2022లో రామెల్సన్ కేసు వచ్చింది. ఒంటారియోలోని యార్క్ ప్రాంత పోలీసులు 2014 నుంచి 2017 వరకు ‘ప్రాజెక్ట్ రాఫెల్’ నడిపారు. బ్యాక్‌పేజ్ సైట్‌లో వ్యభిచార ప్రకటనల విభాగంలో నకిలీ ప్రకటనలు పెట్టారు. ప్రకటనలో వయసు 18. బేరం కుదిరాక, తనకు 18 నిండలేదని అవతలి నుంచి సందేశం వచ్చేది. అయినా హోటల్ గదికి వచ్చినవాళ్లను పట్టుకున్నారు. మొత్తం 104 మంది అరెస్టయ్యారు. ఇది ఎన్‌ట్రాప్‌మెంట్ (పోలీసులే నేరంలోకి లాగడం) కాదని కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. అయితే ఇంటర్నెట్‌లో చోటును భౌగోళిక హద్దులతో కొలవలేమనీ, అక్కడ ఎంతమంది తిరుగుతారో, ఏ పనుల మీద వస్తారో, వాళ్ల గోప్యత ఏమవుతుందో చూడాలనీ చెప్పింది.

పోలీసుల పక్షాన ఉన్న వాదం బలమైనదే. ఈ చీకటి వ్యాపారంలో చిక్కిన పిల్లలు స్టేషన్ మెట్లెక్కి ఫిర్యాదు చేయలేరు. ఫిర్యాదు కోసం ఎదురుచూస్తే దర్యాప్తు ఎప్పటికీ మొదలవదు. వయసు తెలిసీ వచ్చినవాడి నేరాన్ని పోలీసుల నాటకం తుడిచేయదు కూడా.

కానీ పట్టుబడినవాడి నేరం ఒక ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఆ ప్రకటన చూసి పలకరించి, వయసు విని వెనుదిరిగినవాళ్లూ ఆ పరీక్షకు గురైనవాళ్లే. వాళ్లు ఏ బోనులోనూ కనిపించరు, వాళ్ల తరఫున వాదించే వకీలూ ఉండడు. మ్యాక్ తీర్పు కాపాడాలనుకున్నది ముఖ్యంగా వాళ్లనే. అందుకే ఇలాంటి ఆపరేషన్ నైతికతను శిక్షల సంఖ్యతో తూచడం సరికాదు. ఎంతమందిని కదిపారు, ఎంతమంది తప్పుకున్నారు, పోలీసులు పంపిన ప్రతి సందేశం ఏమిటి అన్న పూర్తి రికార్డు కోర్టు ముందుకు రావాలి. అది లేనప్పుడు వల ఎంత విశాలమో న్యాయమూర్తికి తెలిసే దారి లేదు.