కసువు వేరులో ఒక పేరు

తమిళంలో చదువుకున్నవాణ్ణి, రాతలో తప్పులుంటే మన్నించండి.

పోయిన ఐప్పసి వానల్లో మా తమ్ముడి కంబు నేపియర్ కసువు పసుపెక్కింది. నీళ్లు చాలలేదని ఇంకా మోటారు వేసినాడు. సగం మడి కుళ్లింది, ఆవులకు మేత కొనాల్సి వచ్చింది. ఆకును చూసినాము, వేరును చూడలేదు.

వేరును చూసినవాళ్లు బీహారులోని పూసాలో ఉండేవాళ్లు. అక్కడి వ్యవసాయ పరిశోధనా సంస్థ నుంచి బట్లర్ దొర 1907లో పితియం అనే బూజు జాతి మీద గ్రంథం వేసినారు. 1928లో ఎల్.ఎస్. సుబ్రమణ్యం గారు గోధుమ వేరుకుళ్లు చూస్తూ కొత్త పితియం ఒకటి కనిపెట్టి, 'గ్రామినికోలా' అని పేరు పెట్టినారు. లాటిన్‌లో 'గడ్డిలో కాపురముండేది' అని అర్థం. 1934 భూకంపంలో పూసా భవనం దెబ్బతిని సంస్థ ఢిల్లీకి పోయింది. ఆ పేరు మాత్రం నిలిచింది. శాస్త్ర గ్రంథాల్లో దాని పక్కన ఇప్పటికీ ఆయన పేరు రాస్తారు.

కుదురు పెరికి కడిగి చూడండి. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు మట్టి రంగుకు తిరిగి, లాగితే పైతోలు జారి లోపల దారం మిగులుతుంది. ఏ బూజో తేల్చేది ప్రయోగశాలే. పితియం బీజాలు తడి మట్టిలో ఈదుతాయి. కాబట్టి ముందు మోటారు ఆపండి, కాలువ తీయండి, కుళ్లిన కుదుళ్ల ముక్కలు నాటకండి. మందు మాట ఆ తరువాత.