కొత్వాలు చావడి: చెన్నపట్నంలో మన కూరల అంగడి

చెన్నపట్నపు తెలుగువారి చరిత్ర వ్రాయబూనిన వారందరూ 1639లో దామర్ల వేంకటాద్రి నాయకుడు ఇంగ్లీషువారికి ఇచ్చిన పత్రంతో మొదలుపెట్టి, 1953లో ఆంధ్రరాష్ట్రావతరణతో ముగించడం పరిపాటి. అది సబబే. కాని రాజుల పత్రాలూ, రాష్ట్రాల సరిహద్దులూ మాత్రమే చరిత్ర కాదు గదా! మన తాతముత్తాతలు ఈ ఊళ్ళో ఏం తిన్నారు, ఎక్కడ కొన్నారు, ఏ భాషలో బేరమాడారు అన్నది కూడ చరిత్రే. అందుచేత ఈ ఉగాది సంచికలో మేము కూరగాయల గంప దగ్గరనుంచి కథ మొదలుపెట్టదలచాము. ఆ గంప దిగిన చోటే కొత్వాలు చావడి.

పేరూ, చోటూ

కొత్వాలు అనేది పారసీక పదం. పట్టణంలో కావలి, అంగళ్ళ అదుపు, తూనికల తనిఖీ చూచే అధికారికి ఆ పేరు. ఆయన కొలువుదీరిన చావడి వల్ల పేటకు ఆ పేరు నిలిచింది. ఉద్యోగం పోయినా పేరు పోలేదు. పేరులో పారసీకమూ తెలుగూ కలిసిపోయినట్లే, అంగడిలో దేశదేశాల జనమూ కలిసిపోయారు.

ఆ చావడి వున్నది పెద్దనాయకనిపేటలో. పెద్దనాయకుడంటే కంపెనీవారి కాలంలో పట్నానికి కావలి కాచిన తెలుగు నాయకుడు. పట్నంలోకి వచ్చే సరుకుల మీద కొద్దిపాటి రుసుము ఆయన కావలికి ప్రతిఫలం. 1707లో కుడిచేతి కులాలకూ, ఎడమచేతి కులాలకూ పెద్ద తగవు వచ్చినప్పుడు గవర్నరు థామస్ పిట్ పెద్దనాయకనిపేటను కుడిచేతివారికీ, ముత్యాలపేటను ఎడమచేతివారికీ ఏర్పరచాడు. మన కోమటి వర్తకులు కుడిచేతి పక్షం వారు. తరువాత ఫ్రెంచివారితో యుద్ధాల రోజులలో కోట పక్కనున్న పాత పట్నం నేలమట్టమయింది. అక్కడి జనం ఈ రెండు పేటలకూ తరలివచ్చి స్థిరపడ్డారు. 1911లో అయిదవ జార్జి పట్టాభిషేకం పేరిట ఈ పేటలన్నీ కలిపి జార్జిటౌను అన్నారు. మన ఇండ్లలో మాత్రం అది 'టౌను'గానే మిగిలింది.

ఒక తెల్లవారుజాము

కొత్వాలు చావడిని చూడదలచినవారు పగటిపూట వెళ్ళి ప్రయోజనం లేదనేవారు మా పెద్దలు. కోడి కూయకముందే అక్కడ సందడి. నీలగిరుల నుంచి ఉర్లగడ్డలు, బెంగుళూరు వైపు నుంచి బీన్సు, క్యారట్టు, నెల్లూరు సీమ నుంచి నిమ్మకాయలు. ఎడ్లబండ్ల కాలం పోయి లారీల కాలం వచ్చినా, చివరి నూరు గజాలూ మాత్రం మూటకూలీ నెత్తి మీదనే. ఎదురుగా వచ్చేవాడు జడ్జీ అయినా సరే, మూటవానికి దారి ఇవ్వక తప్పదు.

తూనికలు కూడ మనవే. నలభై పలాలు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు. 1960 ప్రాంతాల కిలోగ్రాములు వచ్చి కూర్చున్నా, మా అవ్వలు వీశెలోనే అడిగేవారు. అంగడివాడు కిలోలో తూచి వీశెలో జవాబు చెప్పేవాడు. ఇద్దరికీ లెక్క కుదిరేది.

భాష సంగతి చెప్పనే అక్కరలేదు. అంగడివాడు తమిళంలో ధర చెబితే మనవారు తెలుగులో తగ్గించమనేవారు. అతడు తెలుగులో ఒట్టు పెట్టుకొంటే వీరు తమిళంలో నమ్మమనేవారు. బేరం తెగేసరికి ఎవరు ఎవరి భాష మాట్లాడుతున్నారో ఇద్దరికీ తెలిసేది కాదు. మండీలలో మాత్రం చిట్టా ఆవర్జాలు తెలుగులో నడిచినవి ఎన్నో. మన భాష ఈ పట్నంలో సభలలోనూ, పత్రికలలోనూ మాత్రమే బ్రతకలేదు. కూడు సంపాదించుకొని బ్రతికిన చోటు ఇది.

ఇక పండుగ ముందు రోజులు! ఉగాదికి వేపపువ్వు, కొత్త చింతపండు, కొత్త బెల్లం, పిందె తేరిన మామిడికాయ. మరి కొన్నాళ్ళకు ఆవకాయ కాయలు. టెంక గట్టిపడిందా లేదా అని కాయను చేతిలో తిప్పి చూచి, అక్కడనే ముక్కలు కొట్టించి ఇంటికి తెచ్చుకోవడం ఒక యాత్ర వంటిది. తిరువళ్ళిక్కేణి, పెరంబూరు, చాకలిపేట—ఎక్కడెక్కడి తెలుగు కుటుంబాలూ అక్కడ తారసపడేవి. "ఏమండోయ్, పెద్దమ్మాయికి సంబంధం కుదిరిందా?" అన్న ప్రశ్న గోంగూర కట్టల మధ్యనే పుట్టేది. సంఘానికి సంవత్సరానికొకసారి సర్వసభ్య సమావేశం. చావడిలో ప్రతి ఆదివారమూ సమావేశమే.

బాడుగ బడి అయింది

అంగడి వెలసిన స్థలం శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానం వారిది. ఈ విషయం మన పిల్లలలో చాలామందికి తెలియదు. ఆర్యవైశ్య సోదరుల ఈ దేవస్థానం అమ్మవారి పూజలతో సరిపెట్టుకోలేదు. ధర్మకార్యాలకూ, విద్యకూ పూనుకొన్నది. వారి పాఠశాలలు టౌనులో ఎన్నో తరాల పిల్లలకు అక్షరాలు నేర్పాయి. 1975లో అక్కడనే ఆడపిల్లలకు కళాశాల కూడ స్థాపించారు. వంకాయల గంప దిగిన నేల మీద వచ్చిన బాడుగ ధర్మానికి చేరిందన్న మాట. తిండి అమ్మిన చోటు చదువుకు కూడ ఆసరా కావడం ఎన్ని ఊళ్ళకు లభిస్తుంది?

అంగడికి ఆనుకొని వున్నది అన్నపిళ్ళ వీధి. 1901 మార్చి 16న పొట్టి శ్రీరాములుగారు జన్మించినది ఆ వీధిలోని ఇంటిలోనే. నెల్లూరు సీమనుంచి వచ్చిన కుటుంబంలో, ఈ బండ్ల చప్పుళ్ళ మధ్య కళ్ళు తెరచిన బిడ్డ, 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట నిరశన ఆరంభించి, డిసెంబరు 15న అసువులు బాసినాడు. దేశానికంతకూ అన్నం అందించే అంగడి పక్కన పుట్టినవాడు అన్నం మాని ప్రాణమిచ్చాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. మదరాసు నగరం మనకు రాలేదు. ఎందరో బెజవాడకూ, కర్నూలుకూ, హైదరాబాదుకూ తరలిపోయారు. ఇక్కడే వుండిపోయినవారిని "మీరెందుకు వెళ్ళలేదు?" అని బంధువులు అడిగేవారు. మా పెద్దలు నవ్వి, "కొత్వాలు చావడిని వెంట తీసికొని పోగలిగితే పోయేవాళ్ళమే" అనేవారు. అది హాస్యమే గాని, అందులో అసలు సంగతి వుంది. అన్నం పెట్టిన వీధిని సరిహద్దు గీత మార్చలేదు.

తరలిపోయిన అంగడి

సరిహద్దు చేయలేని పని రద్దీ చేసింది. ఇరుకు వీధులలో లారీలు నిలవడానికి చోటు లేదు. వాన పడితే కుళ్ళిన ఆకులూ, బురదా మోకాలి లోతు. జబ్బు మనిషిని ఆసుపత్రికి తీసికొని పోవాలన్నా దారి దొరికేది కాదు. కనుక ఆ తరలింపును మేము తప్పు పట్టడం లేదు. 1996లో చెన్నపట్నాభివృద్ధి సంస్థ నిర్మించిన కోయంబేడు సముదాయానికి కూరలు, పండ్లు, పూల టోకు వ్యాపారం తరలిపోయింది. ఆ సముదాయపు విస్తీర్ణం 295 ఎకరాలు. అదే సంవత్సరం మదరాసు పేరు అధికారికంగా చెన్నై అయింది. చిత్రమేమంటే, మన చెన్నప్ప నాయకుని పేరు ఊరికి తిరిగి వచ్చిన ఏడే, మన అంగడి ఊరి నడిబొడ్డునుంచి వెళ్ళిపోయింది.

కోయంబేడు విశాలమైనది, ఆంధ్రదేశపు సరుకు అక్కడికీ వస్తూనే వుంది. మదనపల్లె టొమాటోలు రాకపోతే నగరంలో చారు కాగదు. 2020 మే నెలలో కరోనా వల్ల దానిని మూసివేసినప్పుడు, ఒక అంగడి మూతపడితే నగరమే తల్లడిల్లుతుందని అందరమూ చూచాము. కాని అక్కడ కొంటాము, తిరిగి వస్తాము, అంతే. ఎవరి పెద్దమ్మాయి సంగతీ ఎవరూ అడగరు. టౌనులో పప్పుల, దినుసుల టోకు కొట్లు ఇంకా వున్నవి గనుక, ఆ వీధులు పూర్తిగా మూగపోలేదు.

మనం చేయవలసినది

మన ఇండ్లలో పిల్లలు ఆకుకూరను 'కీర' అంటున్నారు. ఆంధ్రదేశం నుంచి వచ్చిన చుట్టాలు కీరదోస తెమ్మన్నారనుకొని తికమకపడుతున్నారు. ఇది నవ్వవలసిన విషయమూ కాదు, ఏడవవలసిన విషయమూ కాదు. తమిళం మనకు అన్నం పెట్టిన భాష. దానిని పిల్లలు బాగా నేర్వవలసినదే. కాని తోటకూర, చుక్కకూర, బచ్చలి, పొన్నగంటి అన్న మాటలు నేర్పడానికి బడి అక్కరలేదు. ఒకప్పుడు అంగడే నేర్పింది. ఆ అంగడి పోయింది గనుక ఇప్పుడు ఆ పని మన వంటింటిది.

రెండవది: చావడి మండీలలో గుమాస్తాలుగా, దళారులుగా, మూటకూలీలుగా పనిచేసినవారు మన మధ్య ఇంకా కొందరున్నారు. కొందరి ఇండ్ల అటకల మీద తెలుగు ఆవర్జాలు వుండవచ్చు. వాటిని చెత్త కాగితాలవానికి వేయక ముందు ఒకసారి విప్పి చూడండి. ఏ ఊరి సరుకు, ఏ ధరకు, ఎవరి పద్దులో—ఈ లెక్కలన్నీ మన చరిత్రే. పెద్దలు చెప్పేది వ్రాసి వుంచండి. రాజుల శాసనాలు రాతి మీద వున్నవి. వాటికి తొందర లేదు. మన శాసనాలు కాగితం మీదా, ముసలివారి జ్ఞాపకాలలోనూ వున్నవి. వాటికి తొందర వుంది.

ఈ ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎక్కడ కొన్నా సరే, పిల్లలను ఒక్క ఉదయం టౌనుకు తీసికొని వెళ్ళండి. అన్నపిళ్ళ వీధిలో నిలబెట్టి, "మన వాళ్ళు ఇక్కడ కొన్నారు, ఇక్కడ అమ్మారు, ఇక్కడనే పుట్టారు" అని చెప్పండి. తెలుగులో చెప్పండి.

సభ్యులందరికీ ఉగాది శుభాకాంక్షలు.